అక్క కత్తి మూసిన చప్పుడు

మా తాతయ్య దగ్గరున్న జేబు కత్తులు కోయడానికి కాదు. తెరవడానికి, మూయడానికి, వినడానికి.

పాత మడత కత్తి చేతికొస్తే ఆయన ముందు దాని పదును చూడడు. బ్లేడు మీద గోరు పట్టేందుకు సన్నటి గాడి ఉంటుంది. అందులో బొటనవేలి గోరు పెట్టి మెల్లగా తెరుస్తాడు. బ్లేడు ఎక్కడా తట్టుకోకూడదు, వదులుగా ఊగకూడదు. దాన్ని ఆయన నడక అంటాడు. తర్వాత మూస్తాడు. సగం దాటాక పిడి వీపులో ఉన్న స్ప్రింగు బ్లేడుని లోపలికి లాక్కుని టక్కుమంటుంది. దాన్ని మాట అంటాడు. నడకా మాటా రెండూ బాగున్న కత్తికే ఆయన సొరుగులో చోటు.

"నువ్వు సగం కత్తివే అమ్మలూ," అన్నాడు నేను వచ్చిన కొత్తలో. "నడక బాగానే ఉంది. మాటే లేదు."

నేను నవ్వాను. నవ్వడానికి నోరు పెద్దగా తెరవక్కర్లేదు కదా.

మా ఊరి బడి పదో తరగతితో అయిపోతుంది. పైచదువుకని అమ్మ నన్ను తన నాన్న దగ్గరికి పంపింది. తాతయ్యది లేత్ మిషను షెడ్డు మీద ఒకే ఒక పొడుగాటి గది. ఒక చివర ఆయన పని బల్ల, దానికి బిగించిన వైస్, దాని కింద కత్తుల సొరుగు. రెండో చివర కిటికీ, కిటికీ కింద నా మంచం. మధ్యలో స్టవ్వు, రెండు కుర్చీలు. కింద మిషను తిరుగుతున్నంతసేపూ నేల అరికాళ్ల కింద సన్నగా వణుకుతూ ఉంటుంది. మొదటి వారం నాకే జ్వరం వచ్చిందనుకున్నాను.

కాలేజీలో నా పేరు సైలెన్సర్. పెట్టినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. అటెండెన్సు పిలిచినప్పుడు నేను పలికింది లెక్చరర్‌కి వినపడక రెండుసార్లు ఆబ్సెంట్ వేశారు. అప్పట్నుంచి పక్కమ్మాయి నా తరఫున చెయ్యెత్తి "సైలెన్సర్ వచ్చింది సార్!" అంటుంది. క్లాసంతా నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. ఆ తర్వాత సాయంత్రం దాకా నాతో ఎవరికీ పనుండదు.

అందుకని ఇంటికొచ్చాక తాతయ్యకి చెప్పేదాన్ని. బస్సులో ఒకావిడ కోడిపిల్లల బుట్ట నా ఒళ్లో పెట్టి తను నిద్రపోయిందని, ల్యాబులో గాజు గొట్టం పగిలిందని, అమ్మ ఫోన్ చేసిందని. ఆయన తల వంచుకుని కత్తి తుడుచుకుంటూ ఉండేవాడు. ఒకదానికి ఊఁ అనేవాడు, మూడింటికి ఏమీ అనేవాడు కాదు. పాపం, ఈయనకి నా కబుర్లు విసుగేమో అనుకున్నాను. గొంతు తగ్గించాను. తగ్గించినకొద్దీ ఆయన ఊఁ కొట్టడమూ తగ్గింది. చివరికి చెప్పాలనుకున్నవన్నీ డైరీలో రాసుకుని, ఆయనకి మాత్రం "టీ పెట్టనా?" లాంటివి మిగిల్చాను.

కానీ కత్తుల సంగతి వస్తే ఆయనే మాట్లాడేవాడు. ఆకుపచ్చ గుడ్డ పరిచిన ఆ సొరుగు తెరిచి ఒక్కోటీ నా అరచేతిలో పెట్టేవాడు. కొమ్ము పిడివి, ఎముక పిడివి, ఇత్తడి టోపీలవి. ఏళ్ల తరబడి సానపట్టీ పట్టీ ఒక దాని బ్లేడు చేపముల్లులా సన్నబడిపోయింది. ఇంకోదాని పిడి మీద ఒకే ఒక్క చోట బొటనవేలంత గుంట.

నలుపెక్కిన బ్లేడు చూసి మొదట్లో నేను బూడిదతో తోమనా అని సైగ చేశాను. తాతయ్య గుండె పట్టుకున్నాడు.

"ఆ మసకే దాని వయసమ్మా! దాన్ని తోమితే ముసలాయన మొహానికి సున్నం కొట్టినట్టుంటుంది. నూనె చుక్క వెయ్, మెత్తటి గుడ్డతో తుడువ్. అంతకుమించి చెయ్యి పెట్టకు."

అంతకంటే పెద్ద నేరం ఇంకోటుంది. బ్లేడునీ స్ప్రింగునీ పిడికి కలిపి పట్టుకునేది ఒక పిన్ను. చేసినవాడు దాని తలని పిడితో సమంగా అరగదీసేస్తాడు, ఎక్కడుందో వెతికినా కనపడదు. దాన్ని కొట్టి ఊడదీస్తే ఎండిపోయిన పాత కొమ్ము బీటలిస్తుంది. మళ్లీ బిగించినా ఆ పట్టు రాదు. "పిన్ను తీసిన కత్తి చచ్చిన కత్తి," అనేవాడు తాతయ్య. ఎవరైనా అలాంటిది తెస్తే దాన్ని తెరవను కూడా తెరిచేవాడు కాదు. కళ్లు దించుకుని వెనక్కి జరిపేవాడు, పరామర్శకి వెళ్లినవాడిలా.

ఆయన వృత్తి తాళాలు బాగుచెయ్యడం. బజారు గోలలో కూర్చుని తాళం లోపలి మీటలు ఎలా వినేవాడో ఒకసారి చూపించాడు. తాళాన్ని చెవి వెనక ఎముకకి ఆనించుకుని తాళంచెవి తిప్పేవాడట. "చెవులు ఊరందరి మాటా వింటాయి. ఎముక ఆనించినదాని మాటే వింటుంది," అన్నాడు.

సొరుగులో అన్నిటికంటే వెనక, విడిగా ఫ్లానల్ ముక్కలో చుట్టి ఉండేది అక్క కత్తి.

అది తాతయ్య అక్కది. తల్లి పోయాక ఆయన్ని పెంచిందావిడే. పుస్తకాలకి అట్టలు కుట్టే పని. ఎప్పుడూ పళ్ల మధ్య దారం ఉండేదట, కాబట్టి పని మధ్యలో మాట ఉండదు. తాతయ్య అప్పుడు చిన్నపిల్లాడు. గడప అవతల కూర్చుని ఎదురుచూసేవాడు. సాయంత్రం ఆవిడ జేబు కత్తి మూసేది. ఆ కత్తి బ్లేడు సగంలో ఒకసారి ఆగి ఆ తర్వాత మూసుకుంటుంది. అందుకే దానికి రెండు చప్పుళ్లు. ముందు చిన్నది, తర్వాత పెద్దది. టిక్, టక్.

"ఆ రెండోది వినపడగానే లోపలికి పరిగెత్తేవాణ్ణి. పనైపోయిందని అర్థం. ఇక అక్క నాదే."

ఈ మాట చెప్పినప్పుడల్లా ఆయన కత్తి మూసి చూపించేవాడు. నేను వచ్చిన కొత్తలో అది మూసి నవ్వేవాడు. తర్వాత తర్వాత మూసి ఊరుకునేవాడు.

*

ఆదివారాలు ఎదురుగా ఉన్న టైలరు షాపులో ముగ్గురు కూడతారు. టైలరు, ఆస్పత్రిలో పనిచేసి రిటైరైన కాంపౌండరు, మా తాతయ్య. కటింగు బల్ల మీద నల్ల గుడ్డ పరుస్తారు. వాళ్ల పద్ధతేమిటంటే, కత్తిని చేతికివ్వరు. మూసి గుడ్డ మీద పెడతారు, అవతలివాళ్లు తీసుకోవాలి. తెరిచి, మూసి, మళ్లీ గుడ్డ మీద పెట్టేదాకా ఎవరూ నోరెత్తకూడదు. చివరి మాట తాతయ్యది. ఆయన్ని వాళ్లు 'చెవిగారు' అంటారు. మూసిన చప్పుడు బట్టి స్ప్రింగులో వెంట్రుకంత పగులున్నా చెప్పేస్తాడని పేరు.

ఆ ఆదివారం టైలరు ఒక కొత్త పాతకత్తి తెచ్చాడు. పసుపెక్కిన ఎముక పిడి. మొహం వెలిగిపోతోంది.

"కాంపౌండరుగారూ, కాస్త చేతులు తుడుచుకుని ముట్టుకోండి. మీ టించరు మరకలు దానికొద్దు."

"నేను మానేసి ఎన్నేళ్లైందయ్యా, ఇంకా టించరంటావ్! నీ చొక్కాలకి గుండీలు సరిగ్గా పడేదాకా నువ్వు నా చేతుల గురించి మాట్లాడకు."

కాంపౌండరు తెరిచి మూశాడు. షాపులో కుట్టు మిషను ఆగే ఉంది. మూల స్టూలు మీద కూర్చున్న నాకు ఆ చప్పుడు గాజు గోళీ గచ్చు మీద పడ్డంత స్పష్టంగా వినపడింది. ఆయన కనుబొమలు ఎత్తి కత్తిని గుడ్డ మీద పెట్టాడు.

తాతయ్య తీసుకున్నాడు. తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు, మళ్లీ మూశాడు. గుడ్డ మీద పెట్టాడు.

"నడక బాగుందోయ్. మాట పోయింది. మూగది."

టైలరు నవ్వబోయి ఆగాడు. "మూగదా? భలేవారే! వీధి చివరిదాకా మోగింది కదా చెవిగారూ."

"నీ కత్తి కాబట్టి నీకలా వినపడుతుంది. నీ కూతురు పాడినా నీకు బాగుంటుంది."

కాంపౌండరు పకపకా నవ్వాడు, టైలరు కూడా నవ్వాడు. కానీ గుడ్డ మడతపెట్టేటప్పుడు ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చెవిగారి మాట మొదటిసారి వాళ్లకి నచ్చలేదు.

ఇంటికొస్తూ తాతయ్య అన్నాడు. "టైలరుదొక్కటే కాదమ్మలూ. నావి కూడా. ఈ మధ్య ఒక్కోటీ మూగబోతున్నాయి. ఎవరికీ చెప్పలేదు."

*

ఆ వారమంతా ఆయన కత్తులకి వైద్యం చేశాడు. కింద మిషను అదురుకి స్ప్రింగులు అలిసిపోయాయన్నాడు. గదిలో చెమ్మ అన్నాడు. పాత నూనె జిగురైపోయిందని కిరసనాయిల్లో నానబెట్టాడు. తుడిచి, కొత్త నూనె వేసి, మూసి, తల అడ్డంగా ఊపేవాడు.

నేను వింటూనే ఉన్నాను. అన్నీ మోగుతున్నాయి. కిరసనాయిలుతో కడిగాక ఇంకా గట్టిగా మోగుతున్నాయి.

"తాతయ్యా, మోగుతోంది," అన్నాను.

"ఏమన్నావు?"

ఇలా ఎవరైనా రెండోసారి అడిగితే నా గొంతు గుటకతోపాటు లోపలికి పోతుంది. "ఏం లేదు."

బుధవారం కుక్కరు ఆయన వీపు వెనకే విజిల్ మీద విజిల్ వేసింది. ఆయన తల తిప్పలేదు. నేను బట్టలారేసి వచ్చి స్టవ్వు ఆపేసరికి మాడు వాసనొస్తోంది. ఆ వాసనకి మాత్రం తల తిప్పాడు. "విజిలు పాడైనట్టుంది, మార్చాలి," అన్నాడు.

నేను కుక్కరు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

విజిలు పాడవలేదు. స్ప్రింగులు అలిసిపోలేదు. కోడిపిల్లల బుట్ట సంగతి విని ఆయన విసుక్కోలేదు. ఆయనకి అది అందనే లేదు. లావుపాటి మాటలు, లేత్ మిషను రొద, తలుపు దబదబా కొట్టడం, ఇవి అందుతున్నాయి. సన్నటివి రాలిపోతున్నాయి. విజిళ్లు, కత్తుల చప్పుళ్లు, నా గొంతు. నేనిన్నాళ్లూ ఒంటరిగా ఉన్నాననుకున్నాను కానీ, అదే గదికి రెండో చివర ఆయన కూడా కూర్చుని ఈ పిల్ల నాతో మాట్లాడదేమిటి అనుకుంటున్నాడేమో.

ఇది ఆయనకి చెప్పడమెలా? చెవిగారికి చెవులు పోయాయని చెప్పడం తేలికా? ఆ పేరే పోతే ఆయనకి ఆదివారాలంటూ ఏం మిగులుతుంది? ఎలాగూ కత్తులకేం నష్టం లేదు, నాలుగు రోజులు కడుక్కుని ఊరుకుంటాడులే అనుకున్నాను.

ఆయన ఊరుకోలేదు.

*

శనివారం పొద్దున బల్ల మీద అక్క కత్తి ఉంది. ఫ్లానల్ విప్పి ఉంది.

"ఇదీ పోయింది," అన్నాడు తాతయ్య. గొంతులో ఏడుపు లేదు కానీ మొహం చూడలేకపోయాను. "రెండో చప్పుడు లేదు, మొదటిదీ లేదు. మిగతావి ఏమైపోయినా పర్లేదు. దీన్ని వదల్ను. పిన్ను తీసి స్ప్రింగు వంచి చూస్తాను."

పిన్ను తీసిన కత్తి చచ్చిన కత్తి అని చెప్పిన నోటితోనే అంటున్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన నా వైపు చూడటం లేదు.

"కిందికెళ్లి లేత్ బాబాయిని అడుగు. పిన్ను కొట్టడానికి సన్నటి పంచి ఒకటి మిషను మీద తిప్పి పెడతానన్నాడు, అయిందేమో తీసుకురా."

మెట్లు దిగుతూ, అది ఇంకా కాలేదంటే బాగుండునని అనుకున్నాను. షెడ్డులో లేత్ బాబాయి మిషను మీద వంగి ఉన్నాడు. ఇనుప పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతోంది. నన్ను చూసి గల్లా పక్కన పెట్టిన పంచి చూపించాడు. పెన్సిలంత పొడుగు, కొన సూదిలా.

"బాబాయ్, అది ఇవ్వద్దు," అన్నాను.

"ఆఁ?"

"ఇవ్వద్దు. కత్తి బాగానే ఉంది."

"గట్టిగా చెప్పమ్మా! ఈ మోతలో నీ పిట్ట గొంతు ఎవడికి వినపడుతుంది?"

ఊపిరంతా కూడగట్టుకున్నాను. "కత్తి బాగానే ఉంది బాబాయ్!" అని అరిచాను. ఆయన వినడానికి మిషను స్విచ్చు మీద చెయ్యి వేశాడు. నేను ఆగలేదు. మిషను ఆగింది. "తాతయ్యకే చెవులు వినపడట్లేదూ!"

ఆ నిశ్శబ్దంలో నా అరుపొక్కటే షెడ్డు రేకులకి తగిలి వీధిలోకి వెళ్లింది. ఎదురుగా టైలరు షాపు అరుగు మీద కాంపౌండరు టీ గ్లాసు నోటి దగ్గర ఆపి నా వైపే చూస్తున్నాడు. టైలరు టేపు మెడలో వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక నేను మాట్లాడిన మొదటి పెద్ద మాట అది. వీధంతా విన్నది. పైన ఉన్న మనిషి ఒక్కడే వినలేదు.

భూమి చీలితే దూరిపోదునన్నట్టు నిలబడ్డాను. లేత్ బాబాయి చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"ఆయనకి తెలుసా?"

తల అడ్డంగా ఊపాను, తెలియదని.

"మాకు చెప్పావు కదా. ఇంక ఆయనకీ చెప్పు. రేపు బల్ల దగ్గర వాళ్లు జాలిగా మాట్లాడితే తెలుసుకోవడం కంటే నీ నోటితో వినడం నయం." పంచి నా చేతిలో పెట్టాడు. "నేను ఇవ్వనంటే ఇంకో షెడ్డుకి వెళ్తాడు. ఆయన సంగతి నాకు తెలియదా."

పంచి నా పిడికిట్లో ఐసుముక్కలా ఉంది. మెట్లెక్కేటప్పుడు పలకాల్సిన మాటలు లోలోపల వరసగా పెట్టుకున్నాను. గది గుమ్మం దాటేసరికి ఒక్కటీ లేదు.

ఆయన కత్తిని రెండు చెక్కముక్కల మధ్య పెట్టి వైస్‌లో బిగించేశాడు. భూతద్దంతో పిన్ను తల వెతికి పెన్సిలుతో చుక్క పెట్టుకున్నాడు. నా పిడికిలి విప్పి పంచి తీసుకున్నాడు.

"తాతయ్యా, అది మోగుతోంది."

"ఏమన్నావు?"

"ఏం—"

చుక్క మీద పంచి నిలబెట్టాడు. సుత్తి ఎత్తాడు. ఆ చెయ్యి వణకడం లేదు. తాళాలు విప్పిన చెయ్యి కదా, ఒక్క దెబ్బతో అయిపోతుంది.

నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. రెండు చేతులతో పట్టుకున్నాను. ఆయన ఆశ్చర్యపోయి సుత్తి దించాడు. నేను వైస్ పిడి తిప్పి కత్తి తీశాను, బ్లేడు తెరిచాను. మాటలు రావడం లేదు, అందుకని ఆయన నేర్పిందే చేశాను. కత్తి వీపు, స్ప్రింగు ఉండే వైపు, ఆయన చెవి వెనక ఎముకకి ఆనించాను. ఇంకో చేత్తో ఆయన తల కదలకుండా పట్టుకున్నాను. బ్లేడు మూశాను.

టిక్.

ఆయన కళ్లు ఆగిపోయాయి.

టక్.

కింద మిషను ఇంకా మొదలవలేదు. ఆయన కత్తిని నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు. తనే తెరిచి, గాల్లో మూశాడు. నాకు రెండు చప్పుళ్లూ వినపడ్డాయి. ఆయన మొహంలో ఏమీ కదలలేదు. మళ్లీ తెరిచి, ఎముకకి ఆనించుకుని మూశాడు. కళ్లు మూసుకున్నాడు.

అలా ఎన్నిసార్లు చేశాడో. తర్వాత పంచి తీసి సొరుగులో అడుగున పడేశాడు. మిగతా కత్తులు ఒక్కోటీ తీశాడు. తెరవడం, చెవి వెనక ఆనించడం, మూయడం, గుడ్డ మీద పెట్టడం. నేను మంచం అంచున కూర్చుని చూస్తున్నాను. మధ్యాహ్నమైంది. ఎవరం అన్నం మాటెత్తలేదు.

"అన్నీ బాగానే ఉన్నాయి," అన్నాడు చివరికి, సొరుగుతోనే చెబుతున్నట్టు. నా వైపు తిరిగాడు. "అయితే నువ్వు ఇన్నాళ్లూ... నాతో మాట్లాడుతూనే ఉన్నావా అమ్మలూ?"

తల ఊపాను. ఆయన సొరుగు మూసి ముందుకు వంగి, రెండు చేతుల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు.

*

ఆదివారం ఎప్పట్లాగే తల దువ్వుకుని ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చెప్పులు వేసుకోలేదు.

కిటికీలోంచి టైలరు షాపు కనిపిస్తుంది. నల్ల గుడ్డ పరిచారు. కాంపౌండరు తన వైపు, టైలరు తన వైపు. మూడో స్టూలు బల్ల దగ్గరకి లాగి పెట్టారు. టైలరు రెండుసార్లు బయటికొచ్చి మా కిటికీకేసి చూశాడు. ఒకసారి చెయ్యి ఊపాడు. తాతయ్యకి చూపించాను.

"తెలుసు కదా వాళ్లకి?" అన్నాడు.

"తెలుసు." గట్టిగానే అన్నాను.

"వచ్చే వారం చూద్దాంలే. ఇవాళ వెళ్తే నా కోసం వాళ్లు అరిచి మాట్లాడతారు. ఆ బల్ల దగ్గర ఎవరూ అరవకూడదు."

కింద ఇద్దరూ ఒకే కత్తిని అటూ ఇటూ మార్చుకున్నారు. చివరి మాట చెప్పేవాళ్లు లేక, గుడ్డ మీదే పెట్టి ఊరికే చూస్తూ కూర్చున్నారు. చాలాసేపటికి గుడ్డ మడతపెట్టారు. మూడో స్టూలు ఎవరూ లోపల పెట్టలేదు.

తాతయ్య తన కుర్చీ ఎత్తుకొచ్చి నా మంచానికి ఎదురుగా వేసుకున్నాడు. నేను వచ్చిన ఇన్ని నెలల్లో గది ఈ చివరకి ఆయన కుర్చీ రావడం ఇదే మొదలు. చేతిలో అక్క కత్తి, తెరిచి ఉంది.

"చెప్పు. ఇన్నాళ్లూ ఏం చెప్పావో."

నాకేం గుర్తు రాలేదు. అన్నీ చిన్న సంగతులు. అంత గట్టిగా అరిచి చెప్పాల్సినంత విలువైనది వాటిలో ఒక్కటీ లేదనిపించింది.

"ఏం—" అన్నాను. ఆయన నా పెదాలకేసే చూస్తున్నాడు. 'ఏం లేదు' అనే మాటని కళ్లతో పట్టేసుకుంటాడని తెలిసి ఆగిపోయాను.

"బస్సులో ఒకావిడ," అని మొదలుపెట్టాను. గొంతు చీలింది. మళ్లీ అన్నాను, పెద్దగా. "కోడిపిల్లల బుట్ట నా ఒళ్లో పెట్టి నిద్రపోయింది తాతయ్యా!"

వీధిలో వెళ్తున్నవాడెవడో తలెత్తి చూశాడు. నా చెవులు కాలిపోయాయి. తాతయ్య మాత్రం అలాగే ఉన్నాడు.

"కోడి... ఏమిటి?"

"పిల్లలు! కోడిపిల్లలు!"

"ఎన్ని?"

నేను లెక్కపెట్టలేదు. ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. ఆ తర్వాత గాజు గొట్టం, ఆ తర్వాత అటెండెన్సు, సైలెన్సర్ అనే పేరు. ఆ పేరు దగ్గర ఆయన నవ్వలేదు. ఒక్కో వాక్యం రెండేసి సార్లు చెప్పాల్సొచ్చింది. కొన్ని మూడోసారి కూడా అందకపోతే, అందినట్టు తల ఊపాడు. అది నాకు తెలిసిపోయింది, నాకు తెలిసిందని ఆయనకీ తెలిసింది. అవి అలా వదిలేశాం.

వెలుతురు తగ్గేసరికి గొంతు బొంగురుపోయింది. ఇంక చాలన్నట్టు ఆయన చెయ్యి ఎత్తాడు. కుర్చీలో వెనక్కి వాలి, అక్క కత్తిని ఒళ్లోనే, దేనికీ ఆనించకుండా, మూశాడు. మూసి నా మొహంలోకి చూశాడు.

"మోగిందా?"

"మోగింది."

"రెండూ?"

"రెండూ," అన్నాను.

ఆయన కత్తిని ఫ్లానల్‌లో చుట్టుకుంటూ గది ఆ చివరకి వెళ్లాడు.